మా సార్ మొదటి పేపరు

మా సార్ పోయి ఐదు రోజులైంది. ఆయన రాసిన డిగ్రీ ప్రణాళికలోంచి మొదటి పేపరును ఎవరో పీకేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పనిచేసిన కాలేజీ నిన్న సంతాప సభలో పంచిన ప్రణాళిక పుస్తకంలో చూశాను. అడిగితే ఒక లెక్చరర్ నా ముఖం చూడకుండా, "చివర్లో ఆయనే తీసేయమన్నారయ్యా" అన్నాడు. పోయిన మనిషి మీదికి నెడితే కాదనడానికి ఎవరొస్తారు?

నేను పండ్ల మార్కెట్‌లో హమాలీని. పది తప్పాను. ఆ తర్వాత చదివిందంతా బత్తాయిల బుట్టల్లో అడుగున పరిచిన పాత పేపర్లే. నాకు డిగ్రీ సంగతెందుకంటారా? ఆ మొదటి పేపరులో నా చెయ్యి కూడా ఉంది.

సార్‌ను మొదట చూసింది ఎల్‌బీనగర్ చౌరస్తాలో, వంటావార్పు నాడు. తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతులుగా కూర్చుని తింటున్నాం. చంకలో గొడుగు, చేతిలో నోటుబుక్కుతో ఒక పెద్దమనిషి పొయ్యి పొయ్యికీ తిరుగుతున్నాడు. "బియ్యం ఎవరు తెచ్చారండీ? కట్టెలెక్కడివి?" మాట వింటేనే కోస్తా మనిషని తెలిసింది. పోలీసుల మనిషే అనుకుని బుక్కు గుంజుకున్నాను.

"ఎవరు పంపిండ్రు నిన్ను? మా పేర్లు రాస్తున్నవా?"

"ఒక్క పేరూ లేదు, చూసుకోవయ్యా. పప్పులో ఉప్పు తక్కువైందని మాత్రం రాశాను."

గరిటె పట్టుకున్న అవ్వ పకపకా నవ్వింది. "గది నిజమే బిడ్డా. ఇచ్చెయ్యి ఆయన బుక్కు."

నేను నవ్వలేదు. ప్రతి పేజీ తిప్పాను. పేర్లు లేవు. చివర్లో ఒక్క ప్రశ్న: మిగిలిన అన్నం ఎవరికి పోయింది? దాని పక్కన నా వేలి పసుపు మరక పడింది.

నేల చెడకుండా పండించడం, పండింది పాడవకుండా అందరి కంచాల్లోకి చేర్చడం నేర్పే మూడేళ్ల డిగ్రీ పెడుతున్నామని, దానికి పాఠాలు వెతుక్కుంటున్నానని చెప్పాడు. నమ్మలేదు. బంద్ రోజుల్లో మార్కెట్‌కొచ్చి కుళ్ళిన పండ్ల గురించి రాసుకుంటుంటే మళ్ళీ ఆయన మీదికి లేచాను.

"మా బంద్‌ను బద్నాం చేస్తున్నవా సార్?"

"పండ్లు కుళ్ళాయని రాశాను. రోడ్డు మీద వేలమందికి అన్నం పెట్టారనీ రాశాను. ఒకటి దాస్తే రెండోది ఎవరు నమ్ముతారయ్యా?"

ఆ రోజు నుంచి నా నోరు కొంచెం తగ్గింది. సార్ మార్కెట్‌లోనే కూర్చుని, డిగ్రీలో ఒక్కో ఏడాదికి ఒకటి చొప్పున మూడు ఖాళీ పండ్ల ట్రేలు వరసగా పెట్టి, పేపర్ల పేర్లు చీటీల మీద రాసి, ఎగిరిపోకుండా ఒక్కో చీటీ మీద ఒక్కో బత్తాయి పెట్టేవాడు. మార్కెట్, వంటావార్పు ఉన్న చీటీ మూడో ట్రేలో ఉంది.

"మూడో ఏడు తోలుకొస్తరా పిల్లలను మార్కెట్‌కు? అప్పటిదాంక బొమ్మల్ల పండ్లు చూస్తరా?" అన్నాను.

సార్ ఆ చీటీ తీసి మొదటి ట్రేలో, అన్నిటికన్నా ముందు పెట్టాడు. దాని మీది బత్తాయి ఒలిచి సగం నాకిచ్చాడు. "వండినవాళ్ళను అడక్కుండా వంట గురించి రాయకూడదు" అనేవాడు. ఆ పేపరులో పిల్లలు మార్కెట్‌లో అడగాల్సిన ప్రశ్నలు రాసే పని నాకే అప్పజెప్పాడు.

పోయిన వారం దవాఖానలో సార్‌కు మాట సరిగా రావడం లేదు. అయినా అడిగాడు. "మొదటి పేపరు ప్రశ్నలు రాశావా?"

"ఇంక రెండున్నయ్ సార్."

"త్వరగా రాయి. జూన్‌లో పిల్లలొచ్చేస్తారు."

ఈ మనిషేనా ఆ పేపరు తీసేయమంది?

నోటుబుక్కు గుంజుకున్నందుకు నేనెప్పుడూ క్షమాపణ అడగలేదు. అనుమానించాల్సిన వాళ్ళు వేరే ఉన్నారని ఇప్పుడు తెలిసింది. ఆ బుక్కును సార్ భార్య నా చేతికిచ్చింది. పసుపు మరక ఇంకా పోలేదు.

కాలేజీవాళ్ళకు చెబుతున్నాను. పేపరు తీసేయమని సార్ రాసిచ్చిన కాగితం ఉంటే చూపించండి. ఆయన చేతిరాత నాకు తెలుసు. లేకపోతే ఆ పేపరును మొదటి ఏడాదిలో, మొదటి స్థానంలో మళ్ళీ అచ్చు వేయండి. సోమవారం సార్ పెద్దకర్మ. ఆ పొద్దున పదింటిలోపు జవాబు కావాలి. రాకపోతే మీ గేటు ముందు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తాం. బియ్యం నేనే తెస్తా. మిగిలిన అన్నం ఎవరికి పోయిందో మీరే వచ్చి రాసుకోండి.