మిగతాది ముట్టుకోవద్దు

నిన్న మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవుల్లో 'ఝుం' అని సన్నగా వినిపించింది. హైదరాబాదులో మా డబ్బింగ్ స్టూడియోలో ఏడాదికి రెండు మూడుసార్లు ఈ చప్పుడు వస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ నా ముక్కుకు తడిసిన కొబ్బరి పీచు వాసన కూడా తగులుతుంది. ఈ గదిలో కొబ్బరి పీచు లేదు. అద్దాలు, ఏసీ, ఖరీదైన కుర్చీలు తప్ప వాసన వచ్చే వస్తువే లేదు. నేనింకా తల తిప్పి చూడకముందే, పక్కన కూర్చున్న మా కొత్త ఇంజినీరు "నేనేం ముట్టుకోలేదు మేడమ్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. పాపం, అతనికి ఎందుకు నవ్వుతున్నానో తెలియక ఇంకా కంగారుపడ్డాడు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు అమలాపురంలో సూర్రావు గారి ముందు నిలబడి నేనూ అన్నాను. ఇన్నేళ్ళలో నేను ఆడిన అబద్ధాలన్నింటిలోకీ సిగ్గుపడాల్సింది అదే.

సూర్రావు గారి స్టూడియో కాలవ గట్టు మీద ఉండేది. కింద ఎరువుల కొట్టు, పైన ఈయన. స్టూడియో అంటే అద్దం వెనక ఒకరు, ముందు ఒకరు కూర్చునేది కాదు, ఒకటే గది. బయటి చప్పుడు రాకుండా గోనె సంచుల్లో కొబ్బరి పీచు కూరి గోడల నిండా మేకులతో కొట్టించారు. చప్పుడు ఆగింది కానీ, వానాకాలం వస్తే గదిలో కూర్చున్నవాళ్ళు తుమ్మకుండా పాట పూర్తిచేయడం గగనమయ్యేది. బుర్రకథలు, చర్చి పాటలు, ఆటోల మీద ఊరంతా తిరిగే రొయ్యల మేత ప్రకటనలు అన్నీ ఆ తుమ్ముల మధ్యే తయారయ్యేవి. ముప్పై ఏళ్ళు టేపుల మీద పనిచేసిన ఆ మనిషి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అందరూ సీడీలు అడుగుతున్నారని కంప్యూటరు కొన్నారు. కొన్నాక దాని దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడ్డారు. అప్పుడే నేను కంప్యూటరు కోర్సు పూర్తిచేసి, కాట్రేనికోన నుంచి బస్సులో వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"అమ్మాయిగారికి ఈ మిషను భాష వచ్చాండీ?" అని అడిగారు. వచ్చునన్నాను. "అయితే మీరే మాట్లాడండి. నేనేమడిగినా ఇంగ్లీషులో ఓ పెట్టె చూపించి ఊరుకుంటున్నారాయన. ఔననాలో కాదనాలో తెలీక చేతులు కట్టుకు కూర్చుంటున్నానండి" అన్నారు. ఆయన అన్నది కంప్యూటరునే. చివరిదాకా ఆ కంప్యూటరును ఆయన గౌరవం తగ్గించి పిలవలేదు. నన్నూ అంతే. ఆయన వయసులో సగం కూడా లేని నన్ను 'అమ్మాయిగారు' అనేవారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని.

ఏదైనా పాడైతే నేను కంప్యూటరు మీద పడేదాన్ని. మెనూలన్నీ తెరిచి, కనిపించిన ప్రతిదీ నొక్కి, ఆపి మళ్ళీ ఆన్ చేసి, చివరికి మొత్తం సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాలని తేల్చేదాన్ని. ఆయన పద్ధతి వేరు. ముందుగా, గదిలో ఉన్నవాళ్ళందర్నీ ఒకే ప్రశ్న అడిగేవారు: "ఎక్కడైనా ముట్టుకున్నారాండీ?" కోపం ఉండేది కాదు ఆ గొంతులో. భోజనం చేశారా అని అడిగినట్టే ఉండేది. ఎవరూ ముట్టుకోలేదంటే వాళ్ళ మాట పూర్తిగా నమ్మేసి, మైకు దగ్గర మొదలుపెట్టి వైరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గదంతా నడిచేవారు. "మాట ఏ దారిన వెళ్తుందో ఆ దారినే మనమూ వెళ్ళాలండి" అనేవారు. ఒకసారి బుర్రకథ దళం వచ్చినప్పుడు ఎంత పాడినా తెర మీద గీత కదల్లేదు. నేను గంటసేపు సెట్టింగులతో కుస్తీ పట్టి చెమటలు కక్కుతుంటే, ఆయన వైరు పట్టుకుని బల్ల వెనక్కి వెళ్ళి, మైకు పెట్టె ప్లగ్గు పీకేసి ఉండడం చూశారు. ఆ చోట టేబుల్ ఫ్యాను ప్లగ్గు ఉంది. "ఉక్కపోస్తంటే నేనే పెట్టేనండి. ఫ్యానూ కరెంటుదే, అదీ కరెంటుదే కదా, సర్దుకుంటాదనుకున్నానండి" అన్నాడు కథకుడు. సూర్రావు గారు ఆయన్ని ఒక్క మాట అనలేదు. విసనకర్ర తెప్పించి చేతికిచ్చారు.

నేను నిజంగా కుదిర్చిన జబ్బు ఒకటుంది. మా కంప్యూటరుకు ఓపిక తక్కువ. విన్న మాటను కాస్త కాస్తగా దాచుకుని రాసుకుంటుంది కదా, ఆ దాచుకునే చోటు చాలనప్పుడు తడబడి, అదే ముక్కను మళ్ళీ మళ్ళీ రాసేది. 'రొయ్యల మేత' అని చెబితే 'రొయ్యల రొయ్యల రొయ్యల మేత' అని వచ్చేది. ఆ ప్రకటన చేయించుకున్నాయన విని మురిసిపోయి "నొక్కి చెప్పినట్టుందండి, అలాగే ఉంచేయండి" అన్నాడు, అది వేరే సంగతి. సెట్టింగుల్లో ఆ చోటు పెంచాను, జబ్బు చాలావరకు తగ్గింది. తగ్గనిచోట కూర్చుని, రెండోసారి వచ్చిన ముక్కల్ని కత్తిరించేదాన్ని. ఆ కత్తిరింపులో నా అంతటివాళ్ళు జిల్లాలో లేరని నా నమ్మకం.

ఎంత కత్తిరించినా తరగనిది మాత్రం సూర్రావు గారి 'ఆయ్'. ఎదుటి మనిషి ఏదైనా చెబుతుంటే ఆయ్ అనకుండా ఉండలేరాయన. రికార్డింగు నడుస్తున్నా సరే. పాటలో చరణానికీ చరణానికీ మధ్య, ప్రకటనలో ధర చెప్పగానే, వెనకనుంచి మెత్తగా 'ఆయ్' అని పడేది. "బాబాయిగారూ, మీరు మాట్లాడకూడదండీ" అని ఎన్నిసార్లు చెప్పానో. దానికీ "ఆయ్" అనేవారు. ఒకరోజు విసుక్కుంటే నొచ్చుకున్నారు. "ఆయనెవరో అంత దూరం నుంచొచ్చి, అంత కష్టపడి చెబుతుంటే, ఉలకకుండా పలకకుండా కూర్చుంటే ఏవనుకుంటారండి? మనం వినట్లేదనుకోరూ?" అన్నారు. నా ఉద్యోగంలో సగం ఆయన్ని చెరిపేయడంతోనే గడిచింది.

ఇంకో అలవాటు నాకు మరీ చాదస్తంగా తోచేది. కంప్యూటరు రికార్డు చేస్తుండగానే, పక్కన పాత టేపు రికార్డరు మీద ఒక క్యాసెట్టు కూడా తిప్పేవారు. ఇంకా ఇదెందుకండీ అని వెక్కిరిస్తే, "ఆయనొచ్చి ఆర్నెల్లయ్యింది. ఈయన మొదట్నుంచీ ఉన్నారు. కొత్తాయనొచ్చేరని మొహం మీదే పొమ్మంటే బాధపడరాండీ?" అన్నారు. మీటలు నొక్కినందుకే బాధపడిపోతారేమో అడగండి అని నవ్వాను.

అలాంటి రోజుల్లో అవధానులు గారు వచ్చారు. కొత్తపేట దగ్గర ఒక అగ్రహారంలో ఉండే వేదపండితుడాయన. డెబ్బై దాటాయి. గొంతులో ఏదో గడ్డ వచ్చింది, కాకినాడలో ఆపరేషను. తర్వాత గొంతు ఉంటుందో ఉండదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆయనకు ఒక్కడే శిష్యుడు, చదువు ఇంకా పూర్తికాలేదు. రేపు అతనికి సందేహం వస్తే సరిచూసుకోవడానికి గురువు గొంతు ఒకటి ఉండాలని ఆ రికార్డింగు. శనివారం పెట్టుకున్నారు. ఆ శనివారం నేను మా అమ్మతో మొక్కు తీర్చుకోవడానికి వాడపల్లి వెళ్ళాను. సోమవారం వచ్చేసరికి బల్ల మీద సూర్రావు గారి చీటీ ఉంది. ఆయన అత్తవారి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. 'అవధానులు గారు మంగళవారం పొద్దున్నే విని కాకినాడ వెళ్తారు. నా ఆయ్‌లు తీసేయగలరు. మిగతాది ముట్టుకోవద్దు.'

విన్నాను. పాత జబ్బు తిరగబెట్టింది, అదీ ఎప్పుడూ లేనంతగా. ఒక మాట, రెండో మాట, మళ్ళీ రెండోది, మొదటిది, మళ్ళీ మొదటిది, రెండోది, మూడోది, అక్కణ్ణుంచి వెనక్కి, మళ్ళీ ముందుకి. ఎనభై నిమిషాలూ ఇదే తంతు. పెద్దాయన గొంతు ఎంత గంభీరంగా ఉందో, మా కంప్యూటరు దాన్నంత ఛిన్నాభిన్నం చేసింది. బాబాయిగారు పాతకాలం మనిషి, గమనించి ఉండరు, ఆయన పరువు నేనే కాపాడాలి అనుకున్నాను. అన్నం కూడా తినకుండా కూర్చుని, రెండోసారి వచ్చిన ప్రతి ముక్కనూ ఏరి పారేశాను. సాయంత్రానికి ఎనభై నిమిషాలు పాతిక నిమిషాలయ్యాయి. దాచబోతే 'డిస్కులో చోటు లేదు' అని పెట్టె వచ్చింది. పాడైపోయిన అసలు ఫైలు ఇంకెందుకని అదీ చెరిపేశాను. బస్సులో ఇంటికి వెళ్తూ, సన్మానం చేస్తే ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించాను.

మంగళవారం పొద్దున్నకల్లా సూర్రావు గారు పెళ్ళి నుంచి వచ్చేశారు. అవధానులు గారు వచ్చి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గట్టిగా మాట్లాడొద్దన్నారట డాక్టర్లు, గుసగుసగా మాట్లాడుతున్నారు. వినిపించాను. ఆయన వేళ్ళు మోకాలి మీద కదులుతూ కదులుతూ ఆగిపోయాయి. కళ్ళు తెరిచి, "గొంతు నాదేనండి. కానీ నేను చదివింది ఇది కాదే. నేను ఘన చెప్పేను" అన్నారు. సూర్రావు గారు నా వైపు తిరిగారు. ఘన అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. మంత్రంలోని మాటల్ని అలా ముందుకీ వెనక్కీ అల్లి చెప్పడమే ఘన. ఒక్క అక్షరం కూడా జారిపోకుండా పూర్వులు వేసుకున్న ముడి అది. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. నేను జబ్బనుకుని కోసి పారేసింది ఆ పెద్దాయన జీవితకాలపు విద్యను.

"అమ్మాయిగారూ, ఎక్కడైనా ముట్టుకున్నారాండీ?" అని అడిగారు సూర్రావు గారు. అదే గొంతు. "నేనేం ముట్టుకోలేదండీ, కంప్యూటరే ఏదో చేసింది" అన్నాను.

ఆయన నమ్మారు. అదే నన్ను చంపేసింది. పంచె పైకి కట్టి, మైకు దగ్గర వైరు పట్టుకుని నడక మొదలుపెట్టారు. ప్రతి ప్లగ్గూ పీకి, ఊది, తుడిచి మళ్ళీ పెట్టారు. "ఒక్క క్షణం ఓపిక పట్టండి అవధానులు గారూ, మాదే ఏదో లోపం" అంటూ, మోకాళ్ళ నొప్పులున్న మనిషి టార్చిలైటు పట్టుకుని బల్ల కింద దూరారు. అవధానులు గారు గోడ గడియారం వంక చూస్తున్నారు. మధ్యాహ్నం ఆయన కాకినాడలో ఉండాలి. ఆ గొంతుకు ఇంకోసారి లేదు. బల్ల కింద నుంచి దుమ్ముకు దగ్గు వినిపించింది. నాకు ఏడుపొచ్చేసింది. "బాబాయిగారూ, పైకి రండి. ముట్టుకున్నాను. నేనే కోసేశాను. అసలుది కూడా చెరిపేశాను" అన్నాను.

సూర్రావు గారు నెమ్మదిగా బయటికొచ్చారు. జుట్టుకు సాలెగూడు అంటుకుని ఉంది. తిడతారని ఎదురుచూస్తున్నాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "హమ్మయ్య, దొరికిందండీ అవధానులు గారూ! తప్పెక్కడుందో దొరికింది. ఇంక భయం లేదు" అన్నారు, ఫ్యాను ప్లగ్గు దొరికినప్పటి సంబరంతోనే. అలమర తెరిచి శనివారంనాటి క్యాసెట్టు తీశారు. నేను వెక్కిరించిన టేపు రికార్డరులో పెట్టి నొక్కారు. గరగరమంటూనే ఘన మొదటినుంచీ వచ్చింది. అవధానులు గారి వేళ్ళు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. పాదం ముగిసి ఆయన ఊపిరి తీసుకున్నచోట, వెనకనుంచి 'ఆయ్' అని వినబడింది.

వెళ్ళబోతూ అవధానులు గారు నన్ను దగ్గరికి పిలిచారు. "మా నాన్నగారు నాకిది ముడివెయ్యడానికి పన్నెండేళ్ళు పట్టిందమ్మా. నువ్వొక్క రోజులో విప్పేశావు" అన్నారు. ఆ గొంతుతో నవ్వకూడదు, అయినా నవ్వారు. సూర్రావు గారు కంప్యూటరులోకి ఎక్కించి ఆయ్‌లు తీయిస్తానంటే చేతులు జోడించి అడ్డుపడ్డారు. "వద్దండి బాబూ, ఈవిడ కత్తెర నేను చూసేను. మీ ఆయ్‌లతోనే ఉండనివ్వండి."

ఆపరేషను తర్వాత ఆయన బతికారు కానీ గొంతు సన్నగా, గాలిలా మిగిలింది. ఘన మళ్ళీ చెప్పలేదు. సూర్రావు గారు మరికొన్నేళ్ళకు పోయారు. పదిరోజులయ్యాక ఆయన భార్య, మేము పిన్నిగారనేవాళ్ళం, "అమ్మాయ్, మీ బాబాయిగారి గొంతు ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. స్టూడియో అంతా వెతికాను. ఊళ్ళో అందరి గొంతులూ ఉన్నాయి. ఆయనది ఒక్కటీ లేదు. క్యాసెట్లన్నిటి మీదా ఆయనే మళ్ళీ మళ్ళీ కొత్తవి ఎక్కించేశారు, సీడీల్లో ఉన్నవన్నీ నా చేతులతోనే శుభ్రంగా తీసేశాను. అప్పుడు అవధానులు గారి క్యాసెట్టు గుర్తొచ్చి, ఆయన శిష్యుడి దగ్గర్నుంచి అడిగి తెచ్చాను. పిన్నిగారు ఎనభై నిమిషాల ఘన కదలకుండా విన్నారు. అందులో పద్నాలుగు ఆయ్‌లున్నాయి. ప్రతిదానికీ ఆవిడ తల ఊపారు. నేను కొంగుతో మొహం దాచుకున్నాను.

నిన్న మా కొత్త ఇంజినీరును నేనేమీ అనలేదు. మైకు దగ్గర వైరు పట్టుకుని బల్ల కిందికి దూరాను. నా మోకాళ్ళు కూడా అప్పటిలా లేవు. రెండో నిమిషానికి పైనుంచి, "మేడమ్, ఫోను ఛార్జరు ఆ బోర్డులో నేనే పెట్టానండి" అని నీరసంగా వినిపించింది. "హమ్మయ్య, దొరికింది" అన్నాను. అతనికి తెలియదు అది ఎవరి మాటో.

కిందటేడు కొత్తపేటలో ఒక సభకు వెళ్ళాను. అవధానులు గారి శిష్యుడు ఘన చెప్పాడు. ఇప్పుడు అతనే నడివయసు పండితుడు. గురువు పోయాక ఆ రికార్డింగే విని విని సరిచూసుకున్నాడట. పాదం ముగిసింది. ఊపిరికి కావలసినదానికంటే ఒక్క రవ్వ ఎక్కువసేపు ఆగాడు, ఎవరో ఏదో అనాల్సి ఉన్నట్టు. సభలో ఎవరికీ అది తెలియలేదు. నా నోట్లోంచి మాత్రం, నాకు తెలియకుండానే, "ఆయ్" అని వచ్చేసింది. అతను ఒకసారి నా వైపు చూసి, తర్వాతి పాదం అందుకున్నాడు.