మజ్జిగలా మారిన నా రక్తం

నా రక్తం తెల్లగా ఉంటుంది, మీకు తెలుసా? మొన్న మంగళవారం కళ్లారా చూశాను. చూసిన కంగారులో హాస్టల్లో ఉన్న పిల్లకు ఫోన్ చేసి అప్పగింతలు కూడా చెప్పేశాను!

మా అమ్మాయి, అబ్బాయి విజయవాడ హాస్టల్లో చదువుకుంటున్నారు. ఆదివారం వార్డెన్ గారి ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ పది నిమిషాల్లోనే నేను మండపేటలో కూర్చుని ఇద్దరినీ పెంచాలి. "ఏం తిన్నావు? ఎన్ని గంటలకు? నిజం చెప్పు." ఇదే నా పెంపకం.

షుగర్ బోర్డర్‌లో ఉందనగానే భయపడి అన్నం మానేశాను. చుట్టూ రైసు మిల్లులున్న ఊళ్లో అన్నం మానడమంటే మాటలా! మూడు నెలలు గుడ్లు, చేపలు, ఆకుకూరలు, నెయ్యి. నాలుగు కిలోలు తగ్గాను. డాక్టరు గారు, "కొలెస్ట్రాల్ కూడా చూద్దామండీ, పరగడుపున వెళ్లి రక్తం ఇవ్వండి" అన్నారు.

ఉపవాసం సంగతి నాకొకరు చెప్పాలా? ఇరవై ఏళ్లుగా ఒక్క కార్తీక సోమవారం తప్పలేదు. అంతే నిష్ఠగా వెళ్లి రక్తం ఇచ్చొచ్చాను.

సాయంత్రం రిపోర్టుకు వెళ్తే ల్యాబ్ అమ్మాయి ఒక గాజు గొట్టం పట్టుకొచ్చింది. "చూడండమ్మా, మిషన్‌లో తిప్పాక పైన తేరేది లేత పసుపు నీళ్లలా ఉండాలి. మీది ఇలా వచ్చింది."

కింద ఎరుపు. పైన పలచటి మజ్జిగ! కిటికీ వెలుగులో అది మెరుస్తుంటే గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. ఇన్నేళ్లూ నాలో తిరుగుతున్నది ఇదా! పిల్లలిద్దరినీ మోసింది ఇదా! భయం వేసేలోపే దండం పెట్టాలనిపించింది.

భయం రిపోర్టు చూశాక వేసింది. నూట యాభై లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, ఐదు వందల అరవై. చెడు కొలెస్ట్రాల్ దగ్గరైతే అంకే లేదు, చిన్న గీత. అంకెలకు కూడా అందలేదన్నమాట! అక్కణ్ణుంచే వార్డెన్ గారికి ఫోన్ చేశాను.

"ఇవాళ ఫోన్లు ఇవ్వమండీ."

"ఆరోగ్యం విషయమండీ!"

మా అమ్మాయి లైన్లోకి వచ్చింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదమ్మా. గొట్టంలో నా రక్తం తెల్లగా ఉంది, రిపోర్టు కూడా వచ్చింది. తమ్ముడికి జలుబు చేస్తే మిరియాల పాలు ఇప్పించు. నాన్నగారికి పెరుగు తోడు పెట్టడం రాదు, సెలవులకు వచ్చినప్పుడు నేర్పు..."

"అమ్మా! ముందు రిపోర్టు చదువు."

చదివాను. పిల్ల ఇంటర్ బైపీసీ. అంకెలన్నీ మళ్లీ ఒకసారి చదివించుకుంది.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు."

"నిజం చెప్పు."

"ఉపవాసమేనే! కాఫీ ఒక్కటే."

"ఎలాంటి కాఫీ?"

"డైట్ కాఫీ. డికాషన్‌లో మూడు చెంచాల నెయ్యి గిలక్కొట్టి..."

"ఎన్ని గ్లాసులు?"

"...రెండు."

కార్తీక సోమవారం కాఫీ తాగితే ఉపవాసం చెడదు కదండీ! ఇక ఆవు నెయ్యంటారా, దేవుడికే పెడతాం!

"అమ్మా, దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. మిషన్ ఊరుకోదు. నువ్వు తాగిన నెయ్యే ఆ గొట్టంలో కనిపించింది. ట్రైగ్లిజరైడ్స్ అంత ఉంటే చెడు కొలెస్ట్రాల్ లెక్క కట్టరు, అందుకే గీత. ఎల్లుండి మళ్లీ వెళ్లు. మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు."

వెనక వార్డెన్ గారు నవ్వడం వినిపిస్తూనే ఉంది.

రెండోసారి ట్రైగ్లిజరైడ్స్ నూట పద్దెనిమిది! గొట్టంలో మజ్జిగ లేదు. తేటగా, లేత బంగారు రంగులో ఉంది. దానికీ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. చెడు కొలెస్ట్రాల్ మాత్రం కాస్త ఎక్కువే వచ్చింది. "నెయ్యి తగ్గించండి, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నారు డాక్టరు గారు.

ఆదివారం అమ్మాయిని ఎప్పటిలాగే అడిగాను. "సాయంత్రం బయటివేమైనా తిన్నావా? నిజం చెప్పు."

"అబ్బే, ఉపవాసమే అమ్మా. రెండు సమోసాలు, ఒక ఎగ్ పఫ్, అంతే."