మా చిన్నాయన పడవ, ఆ తర్వాత వ్యాను

"పాపా, మీ చిన్నాయన పోయినాడు. నువ్వు నిదానంగా రా. బండి తోలేటప్పుడు ఏడవద్దు."

పోయిన నెల ఒక ఉదయం చిన్నమ్మ ఫోన్‌లో అన్న మాటలివి. చిన్నాయన ధర్మవరంలో, తన ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయాడు. హిందూపురం నుంచి బయల్దేరి పెనుకొండ దాటేదాకా చిన్నమ్మ మాట నిలబెట్టాను. ఆ తర్వాత కారు పక్కకు ఆపి, అయ్యేదేదో అయ్యాక మళ్లీ స్టార్ట్ చేశాను.

ఆయన ఇంటి ముందు వ్యాను నిలబడి ఉంది. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల ఒక మంచం, సగం వరకే అల్లిన నవారుతో.

ఈ వ్యాను సంగతి చెప్పాలంటే ముందు పడవ సంగతి చెప్పాలి.

చిన్నాయన పట్టుచీరల నేతగాడు. నేను వాళ్లింటి నుంచే యూనివర్సిటీకి పోయి వచ్చే రోజుల్లో ఒక ఏడాది వానలు దంచికొట్టి ధర్మవరం చెరువు నిండింది. ఊరు ఊరంతా కట్ట మీదికి పోయి నీళ్లు చూసి వచ్చింది. చిన్నాయన చూసి ఊరుకోలేదు. రెండు లారీ ట్యూబులకు గాలి కొట్టించాడు. వాటి మీద పాత మగ్గం పలకలు పరిచి తాళ్లతో బిగించాడు. దాన్ని తెప్ప అంటే ఒప్పుకునేవాడు కాదు, పడవ అనాల్సిందే.

"నీకు పడవ నడిపేది ఎప్పుడొచ్చింది చిన్నాయనా?" అని అడిగాను.

"నీళ్లుండేటప్పుడే గదా నేర్చుకునేది పాపా. మన సీమలో అవి చెప్పి రావు, చెప్పి పోవు."

దారానికి గంజి పడితేనే బలం అని నేతగాళ్ల ఇళ్లలో అందరికీ గట్టి నమ్మకం. చిన్నాయన పడవ తాళ్లన్నిటికీ, నేత పడుగు దారాలకు పట్టించినట్టే, చిక్కటి గంజి పట్టించాడు. తడి మీదే ముడులు వేసి ఎండలో పెట్టాడు. ఎండాక అవి ఇనుప ముడుల్లా బిగుసుకున్నాయి. వీధిలో వాళ్లంతా వచ్చి ముడులు లాగి చూసి భేష్ అన్నారు. నీళ్లలో గంజి కరుగుతుందన్న ఆలోచన ఆ వీధిలో ఒక్కరికీ రాలేదు, నాతో సహా. పడుగును ఎవరైనా చెరువులో ముంచుతారా మరి!

తొలి ప్రయాణానికి చిన్నమ్మను ఎక్కించుకున్నాడు. చూసే జనం ఎక్కువ ఉన్నారని ఆమె మంచి చీర కట్టుకుంది. కొంత దూరం బాగానే పోయారు. ఇంతలో పడవ చుట్టూ చిన్న చేపలు మూగాయి.

"ఏమయ్యా, ఈ చేపలేంది ఇట్ల వస్తాండాయి?"

"నిన్ను చూసేకి వస్తాండాయిలే."

"నన్ను గాదయ్యో, తాళ్లు తింటాండాయి!"

ఆ మాట పూర్తయ్యేలోపే పలకలు జారిపోయాయి. ట్యూబులు చెరో దారి పట్టాయి. ఒకదాన్ని ఆయన, ఇంకోదాన్ని ఆమె పట్టుకుని వేలాడారు. గట్టు మీద మేమంతా కేకలు. చిన్నమ్మ తెలిసిన దేవుళ్లనందరినీ పిలిచింది. పిలుస్తూ పిలుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. కాలికి నేల తగిలింది. లేచి నిలబడింది. నీళ్లు నడుము దాకానే ఉన్నాయి.

ఆమె ఎవరి వైపూ చూడకుండా నీళ్లలో నడుచుకుంటూ గట్టుకు వచ్చింది. వెనకాల ట్యూబులు రెండూ ఈడ్చుకుంటూ ఆయన, నవ్వు ఆపుకోలేక, "గంజి పనికిరాదని తెల్సె గదా!" అన్నాడు.

"తెల్సె. నువ్వు చేసిన దాంట్లో ఇంగ నేను కాలు పెట్టను. అదీ తెల్సుకో."

ఆయన నైలాన్ తాళ్లు తెచ్చి పడవను మళ్లీ కట్టాడు. చెరువులో నీళ్లున్నన్నాళ్లు సాయంత్రాలు నన్ను తీసుకుపోయేవాడు. తెడ్డు వేయడం నాకు అక్కడే వచ్చింది. చెరువు మధ్యకు పోయాక ఆయన తెడ్డు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. "ఎందుకు ఆపినావు?" అంటే, "పోయేది ఎవరైనా పోతారు పాపా. నడిమధ్యలో ఊరికే ఉండేది రావాల" అనేవాడు. ఊరికే ఉండటం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. ఏ పని చేస్తున్నా ఇది చేయాల్సిన పనేనా అని లోపల ఒక గొంతు అడుగుతూనే ఉంటుంది. ఆ చెరువు మధ్యలో మాత్రం ఆ గొంతు వినపడేది కాదు.

చిన్నమ్మ మాట మీదే నిలబడింది. మళ్లీ ఎప్పుడూ ఆ పడవ ఎక్కలేదు.

చెరువు ఎండింది. గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని చిన్నాయన మోకాళ్లు అరిగాయి. నేత మానేసి, ఒక వ్యాను కొని, హిందూపురం నుంచి ధర్మవరం మగ్గాలకు పట్టునూలు చేరవేస్తూ చాలా ఏళ్లు గడిపాడు. ఆ పని కూడా మానేసిన రోజు అందరూ వ్యాను అమ్మేయమన్నారు. ఆయన దాన్ని ఇల్లు చేస్తానన్నాడు. ఈ మధ్య చెరువులు మళ్లీ నిండుతున్నాయి కానీ, పడవలోకి వంగి దిగడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదట. "అందుకే ఇంటినే నీళ్ల కాడికి తోలుకపోదాం" అన్నాడు.

వెల్డింగ్ పని హిందూపురంలో. పని ఉన్న రోజుల్లో మా ఇంట్లోనే ఉండేవాడు. వ్యాను పక్క రేకు కోయించి పాత బస్సు కిటికీ బిగించాడు. ఎండ దిగకుండా పైకప్పుకు థర్మాకోల్ అతికించి, దాని మీద ప్లైవుడ్ వేశాడు. కొళాయి ఉన్న నీళ్ల క్యాను, చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి, బ్యాటరీ ఫ్యాను. మంచానికి మాత్రం పరుపు వద్దని పట్టుబట్టి, ఇనుప ఫ్రేముకు నవారు మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆయన పొయ్యి వెలిగించి చూస్తుంటే గమనించాను. పొయ్యి బండ ఆయన తొడల దగ్గరికే ఉంది. ఆయన బాగా వంగాల్సి వస్తోంది.

"ఇంత కిందికి పెట్టినావేంది చిన్నాయనా?"

"మీ చిన్నమ్మ ఎత్తుకు పెట్టినా."

"ఆమె ఎక్కనంటాంది గదా!"

"ఎక్కనీ, ఎక్కకపోనీ. ఎక్కిన రోజు ఆయమ్మకు అందల్ల గదా."

చిన్నమ్మ నిజంగానే ఎక్కలేదు. వ్యాను ధర్మవరంలో ఉన్న రోజుల్లో కాఫీ తెచ్చి కిందినుంచే చేయి చాపి ఇచ్చేది. "ఈ తూరి యాడ ముంచుతావో" అనేది. ఆయన నవ్వి గ్లాసు అందుకునేవాడు. అంతలోనే ఆయన వెళ్లిపోయాడు.

కర్మలు అయ్యాక బంధువులు వ్యాను అమ్మేయమన్నారు. "కండ్ల ముందర ఉంటే ఏడుపే గదమ్మా" అన్నారు. మంచం పూర్తి చేసి, ఆ తర్వాత ఆలోచిద్దామన్నాను నేను. అనేశాక మళ్లీ సందేహం. ఇది ఆయన మీది గౌరవమా, నా దుఃఖానికి నేను వెతుక్కున్న పనా? చిన్నమ్మను ఆమెకు ఇష్టం లేని చోటికి నెడుతున్నానా? ఏదీ తేల్చుకోకుండానే వ్యాను ఎక్కి నవారు చుట్ట చేతిలోకి తీసుకున్నాను.

చిన్నమ్మ చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూర్చుంది. చూపు మాత్రం నా చేతుల మీదే ఉంది.

"ఒగటి పైన, ఒగటి కింద పోవల్ల. నువ్వు రెండు పైన వేస్తాండావు."

విప్పి మళ్లీ వేశాను.

"బిగించు మ్మే. వదులైతే పండుకున్నోళ్లు నేలకు తగుల్తారు."

బిగించాను.

"అట్ల గాదు... మీ చిన్నాయన అల్లింది చూసి అల్లు."

ఇంకో వరస కూడా వంకరగా పోయింది. ఆమె చేట పక్కన పెట్టింది. "తప్పుకో" అంటూ లోపలికి వచ్చేసింది. నవారు చేతికి చుట్టుకుని, ఫ్రేముకు కాలు తన్నిపెట్టి లాగింది. తను ఎక్కడ ఉన్నదీ ఆమెకు మూడు నాలుగు వరసలు అల్లాకగానీ స్ఫురించినట్టు లేదు. చేతులు ఆగాయి. కిటికీ వైపు చూసింది. పొయ్యి బండ మీద అరచేయి ఆనించి, మోచేయి ఎంత వంగుతోందో చూసుకుంది. కళ్లు తుడుచుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

ఆయన ఆ సగం ఆమె కోసమే వదిలాడా, లేక మోకాళ్ల నొప్పికి వాయిదా వేశాడా? నాకు తెలియదు. మొదటిదే నిజమని నమ్మాలని ఉంది. నమ్మితే ఆయన నవ్వుతాడేమోనని కూడా ఉంది.

అల్లిక అయ్యాక చిన్నమ్మే అంది, "నాలుగు దినాలు మీ ఇంట్లో ఉంటా పాపా. దీంట్లోనే పోదాం."

నా కారు అక్కడే వదిలేసి మొన్న ఆదివారం వ్యానులో బయల్దేరాం. చెన్నేకొత్తపల్లి దాటి పెనుకొండ దగ్గర పడేసరికి ఎండ ముదిరింది. రోడ్డు దిగి ఒక చెరువు పక్కన ఆపాను. వెనక తలుపులు తెరిస్తే ఎదురుగా నీళ్లు, నీళ్లవతల కొండ. చిన్నమ్మ మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది.

గొర్రెల మందతో ఒకాయన వచ్చి లోపలికి తొంగి చూశాడు. "ఏమ్మా, టీ ఉండాదా?"

ఇది అంగడి కాదని చెప్పబోయాను. చిన్నమ్మ అప్పటికే లేచింది. "ఉండాది, కూర్చోప్పా" అని పొయ్యి వెలిగించింది. నడుము వంచే పని లేకుండా నిలబడి, మా ముగ్గురికీ టీ కాచింది.

తాగి, ఆయన జేబులో చేయి పెట్టాడు.

"దుడ్లు వద్దులేప్పా. ఈ బండిలో ఇదే మొదటి టీ. ఎట్లుండాది?"

"చక్కెర ఎక్కువైందమ్మా."

"సరే, తెల్సె గదా" అంది చిన్నమ్మ, నవ్వుతూ. ఆ మాట ఎవరిదో ఆమె తలచుకున్నట్టు లేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఇంతలో గొర్రెలన్నీ వ్యాను కిందికి, నీడలోకి దూరి పడుకున్నాయి. ఇక పోదామని నేను తాళంచెవి తీశాను. ఆయన గొర్రెలను లేపడానికి కర్ర ఎత్తాడు.

"లేపొద్దప్పా. అవి లేసినప్పుడే పోదాం" అంటూ చిన్నమ్మ నవారు మీద వెనక్కి వాలింది. ఆయన కర్ర పక్కన పెట్టి మెట్టు మీదే కూర్చున్నాడు. నేను తాళంచెవి ఒళ్లో పెట్టుకున్నాను. మా కింద నెమరు వేస్తున్న చప్పుడు. మెట్టు పక్కన ఒక గొర్రెపిల్ల చెవి మాత్రం ఎండలోకి కనిపిస్తోంది, ఈగ వాలినప్పుడల్లా కదులుతూ.