దుప్పి కూత

మోంటానా కొండల్లో విల్లుతో వేటాడటం వెర్ల్ బ్యూకర్‌కి తండ్రి నుంచి వచ్చిన అలవాటు. చేతిలో అరిగిన చెక్క విల్లు, ఒంటిమీద మాసికల చొక్కా. ఈమధ్య కొత్త సంచులు తగిలించుకుని కొండెక్కుతున్న పట్నంవాళ్లను చూస్తే, “వేట కూడా ఫ్యాషనైపోయింది” అని సణుగుతాడు. ఆ ఉదయం దుప్పిని రప్పించడానికి గొట్టం నోట పెట్టి మగదుప్పిలా కూత పెడితే, లోయలోంచి బదులు కూత వచ్చింది. గాలివాటం చూసుకుంటూ, మోకాళ్లు గీరుకుపోతున్నా పాకుతూ వెళ్లి పొద కొమ్మలు పక్కకి తోశాడు. ఎదురుగా, భుజాన కొత్త సంచి, చేతిలో విల్లు, నోట గొట్టంతో ఒక అమ్మాయి!

“అయ్యో, ఇంతసేపూ కూసింది మీరా పెద్దాయనా?”

వెర్ల్‌కి నవ్వాగలేదు. “నీ దుంపతెగ! నన్నే బుట్టలో వేశావుగా. ఎవరు నేర్పారు?”

“ఎవరూ లేరండీ. ఇంట్లో కూస్తే పక్కింటివాళ్లు తిట్టారు. కార్లో కూర్చుని నేర్చుకున్నా.”

అంతలో గట్టు మీంచి అసలు దుప్పి కూసింది. వెర్ల్ చెయ్యి విల్లు మీదికి పోయి, ఆగింది.

“ముందుకెళ్లి ఆ చెట్టు చాటున కూర్చో, అమ్మాయ్,” అన్నాడు గుసగుసగా. “కూత నేను పెడతా. బాణం నువ్వెయ్యి.”