చేపల చెరువులో మా కుర్చీ

మా ఇంట్లో ఇంజనీరింగే కాదు, ఇంటరు కూడా నాకంటే ముందు ఎవరూ చదవలేదు. అందుకే పాసయ్యానని తెలిసిన రోజు నుంచీ కనిపించిన వాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాను. "ఇంతకీ ఏం కనిపెట్టావమ్మా?" అని అడిగితే మాత్రం ఆకివీడు చెరువు దగ్గర గడిపిన రెండు రోజుల సంగతే చెబుతాను. 

తాడేపల్లిగూడెంలో మెకానికల్ ఆఖరి సంవత్సరం. ఆకివీడులో వలలు బాగుచేసే ఒకాయన కోసం నలుగురం ప్రాజెక్టు మొదలుపెట్టాం. బాబాయిగారూ అని పిలిచేవాళ్ళం. చిన్నప్పుడే పోలియోతో ఆయన రెండు కాళ్ళూ పడిపోయాయి. చేపలకి మేత వేసే పని కావాలని ఆయన కోరిక. చెరువులో వరసగా పాతిన వెదురు గెడలకి చిల్లుల సంచులు కట్టి ఉంటాయి. పడవలో ఒక్కో గెడ దగ్గరికీ వెళ్ళి, సంచి పైకి లాగి, తవుడూ వేరుశెనగ చెక్కా నింపి వదలాలి.

చెరువు ఆసామి ఒక్క మాటే అన్నాడు. "ఒక్క పూట చూస్తానయ్యా. చెరువంతా ఒక్కడివే తిరుగు. కుదిరితే పని నీది. కుదరకపోతే మళ్ళీ ఆ మాటెత్తకు."

మేం ఇనప గొట్టాలతో ఎత్తు కుర్చీ చేశాం. నడుముకి బెల్టు కూడా పెట్టాం. బస్సు టాపు మీద వేసుకుని, ఆసామి చూస్తానన్న పూటకి ముందురోజు మధ్యాహ్నానికి చెరువు గట్టుకి చేర్చాం.

బాబాయిగారు బెల్టు పట్టుకుని చూశారు. "ఇదెందుకమ్మా?"

"మీరు పడిపోకుండానండి."

"పడవ తిరగబడితే? నన్ను దీనికి కట్టేసి ముంచుదామనా?"

బెల్టు ఊడదీసి, కుర్చీని పడవలో పెట్టి ఆయన్ని ఎక్కించాం. మొదటి గెడ దగ్గర ఆయన సంచి లాగగానే పడవ అటు ఒరిగి, కింద నుంచి జారిపోయింది. ఆయన రెండు చేతులతో గెడని కరుచుకున్నారు. మావాడొకడు దూకి పడవని పట్టుకున్నాడు. కుర్చీ చేసేముందు వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి ఆయన భుజాలూ చేతులూ కొలిచాం గానీ పడవని ఒక్కసారైనా కొలవలేదు.

"రేపూ ఇంతేనా?" అన్నాడు ఆసామి, గట్టు మీది పాక లోంచి.

బాబాయిగారు చొక్కా పిండుకుంటూ పక్క చెరువు వైపు చెయ్యి చూపించారు. అక్కడ మేత వేసేవాడు పడవ అడుగున చతికిలబడి, ఒక కాలు గెడకి మెలేసి ఉన్నాడు. పడవ కదలడం లేదు.

"నాకు కుర్చీ వద్దమ్మా. ఆ కాలు కావాలి."

మళ్ళీ కాలేజీకి వెళ్ళే టైము లేదు. ఊళ్ళో వెల్డింగ్ షాపులోనే కుర్చీ కాళ్ళు కోయించి, వాటిలో ఒక గొట్టాన్ని కొక్కెంలా వంచి, పడవ అంచుకి బిగించే ఏర్పాటు చేశాం. ఆయన పక్కనే కూర్చుని ఒక్కటే చెప్పడం. "ఇంకొంచెం వంచు బాబూ. చాలు చాలు, మళ్ళీ వదిలించుకోవాలి కదా!"

మర్నాడు పొద్దున్న ఆయన పడవ అడుగున కూర్చుని తెడ్డు వేశారు. కొక్కెం తగిలించడం, సంచి నింపడం, వదిలించడం. ఒక్కో గెడ దాటుతుంటే నేను ఊపిరి వదులుతున్నాను. ఆ చివర, అన్నిటికంటే దూరపు గెడకి కొక్కెం బిగుసుకుపోయింది. గాలికి పడవ ఒరుగుతోంది. మావాడు చొక్కా విప్పేశాడు.

"ఆగరా! ఒక్కడే చెయ్యాలన్నారు."

"మునిగిపోతాడే!"

వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆయనకేమైనా అయితే ఆ పాపం నాదే. బాబాయిగారు తెడ్డు తిరగేసి కొక్కెం మీద ఒకటి, రెండు, మూడు దెబ్బలు వేశారు. నాలుగో దెబ్బకి ఊడింది.

గట్టుకి చేరేసరికి ఆసామి పడవలోకి తొంగి చూశాడు. తవుడు అయిపోయింది.

"రేపు ఏడింటికల్లా వచ్చెయ్యి."

"అలాగేనండి," అన్నారు బాబాయిగారు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. ఆసామి అటు తిరగగానే నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఆ కొక్కెం లోపల రబ్బరు ముక్క వెయ్యాలి. రేపటికల్లా!"

సైకిలు షాపుకి పరిగెత్తాను. పాత ట్యూబు అడగడానికి నోరు తెరిచి, ముందు ఈ సంగతంతా చెప్పేశాను.