పలకరింపుల బాబాయి

బాబాయికి కంప్యూటర్లను పలకరించే జబ్బుంది. ఎవరింట్లో ఇంటర్నెట్ నెమ్మదించినా సరే, కంప్యూటర్లో ఆజ్ఞలు టైపు చేసే నల్లతెర ఒకటి తెరిచి, పింగ్ కొట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పింగ్ అంటే అవతలి మిషన్ని "ఉన్నావా?" అని అడగడం. అది "ఉన్నా" అంటుంది. ఇది మళ్ళీ అడుగుతుంది. చూరునుంచి వాన చినుకులు జారినట్టు జవాబులు ఒక్కొక్కటే తెరమీద దిగుతుంటే బాబాయి కళ్ళు అరమోడ్పులైపోతాయి. ఒకసారి రిపేరుకని పిలిచిన బట్టల షాపాయన, ఆ తెర చూస్తూ చూస్తూ గల్లాపెట్టె మీదే తలవాల్చి నిద్రపోయాడు. లేచేసరికి నెట్టు బాగైంది. బాబాయి మాత్రం ఇంకా పలకరిస్తూనే ఉన్నాడు.

ఆయనింట్లో ఉండే అన్నకూతురికి ఇదంతా తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం ఆమెకి వేరే గతి లేదు. పిల్లల పుస్తకాల కంపెనీవాళ్ళతో వీడియో ఇంటర్వ్యూ. వాళ్ళు చూస్తుండగా ఏనుగు బొమ్మ వెయ్యాలి. కిందటిసారి ఇంకో కంపెనీ ముందు తొండం దగ్గరే తెర బిగుసుకుపోయింది. మిగతా ఏనుగు వాళ్ళకి చేరేలోపు ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది.

"బాబాయ్, అరగంటే ఉంది. ఏదో ఒకటి చెయ్యి!"

"చేస్తున్నాగా. పలకరిస్తున్నా."

"పలకరిస్తే బాగవుతుందా?"

"ఎక్కడ నొప్పో అడక్కుండా మందెలా వేస్తామే?"

ఆమె లాప్‌టాప్‌ని నడిపేది విండోస్ కాదు, లైనక్స్. బాబాయి చెయ్యిపడ్డ ఏ కంప్యూటరులోనూ ఇంకోటి బతకదు. ఆయన రెండు నల్లతెరలు తెరిచాడు. మొదటిది హాల్లో ఉండి ఇంటికంతా నెట్టు పంచే రౌటరుని అడుగుతోంది. జవాబు ఒకటి చురుగ్గా వస్తే, ఇంకోటి ఈడ్చుకుంటూ వస్తోంది.

"చూశావా అమ్మడూ? గోడవతల రౌటరే ఇంత బద్ధకంగా పలికిందంటే తప్పు బయటివాళ్ళది కాదు. నీ వైఫై కార్డు కరెంటు ఆదా చేద్దామని మధ్యమధ్యలో కునుకు తీస్తోంది."

"అయితే లేపు!"

"లేపుదాం... లేపుదాం..." అంటూ ఆయనే కునుకులోకి జారుతున్నాడు.

"మరి ఈ రెండోది ఎవరిని అడుగుతోంది?"

"దానికీ దీనికీ సంబంధం లేదులే."

"అయితే నెట్టంతా అదే మింగేస్తోంది!"

"పలకరింపుకి ఏపాటి ఖర్చవుతుందే?"

ఆ మాట అంటుండగానే రెండో తెరలో జవాబులు ఆగిపోయాయి. బాబాయి నిద్ర ఎగిరిపోయింది. ఒంటి చెప్పుతోనే పైవాటా మెట్లకేసి పరుగెత్తాడు.

"బాబాయ్, నా ఏనుగు!" అంటూ ఆమె వెంటపడింది. ఒళ్ళు మండిపోతోంది.

పైవాటాలో ఒంటరిగా ఉండేది రిటైరైన టీచరమ్మ. ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "నేనేమన్నా చంటిపిల్లనా?" అని కయ్యిమంటుంది. ఆ గొంతే మెట్లమీదికి వినిపించింది.

"మళ్ళీ వచ్చావూ? నీ ఇంటర్నెట్టుకి మా ఇంట్లోనే రోగాలొస్తాయేం నాయనా?"

"కంప్యూటరు ఆగిపోయినట్టుంది టీచరుగారూ, చూసిపోదామని..."

"ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు కావాలని నేనే పీకాను. నీకెలా తెలిసింది?"

"అబ్బే... నెట్టు నెమ్మదిగా ఉందనిపిస్తేనూ."

రెండో తెర పలకరిస్తున్నది ఈవిడ కంప్యూటర్నే అని అర్థమై అన్నకూతురు మెట్లమీదే ఆగిపోయింది. అడిగితే ఒప్పుకోని మనిషిని, ఆవిడకి తెలియకుండా రోజంతా కంప్యూటరు చేత అడిగిస్తున్నాడన్నమాట. ఆమె కోపమంతా అక్కడే దిగిపోయింది, బాబాయి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆయన కిందికొచ్చి ఒకే ఒక్క ఆజ్ఞ టైపు చేశాడు. వైఫై కార్డు కునుకులు రద్దయ్యాయి. ఆ రోజు ఏనుగు తోకదాకా చేరింది, ఉద్యోగమూ చేతికొచ్చింది.

ఆమె వేరే ఊళ్ళో ఆ ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడి గదిలో నెట్టు కూడా బాబాయే సర్దిపెట్టి వెళ్ళాడు. ఒక సెలవురోజు బారెడు పొద్దెక్కినా ఆమె ముసుగు తియ్యలేదు, లాప్‌టాప్ మూతా తెరవలేదు. ఫోను మోగింది.

"అమ్మడూ, అక్కడ నెట్టు నెమ్మదిగా ఉందా?"

"లేదు బాబాయ్," అంది ఆవలిస్తూ. "కునుకు తీసింది కార్డు కాదు, నేనే."

"అయితే పడుకో," అన్నాడాయన తృప్తిగా.

ఆమె లాప్‌టాప్ మూత తెరిచి దిండు పక్కన పెట్టుకుని మళ్ళీ ముసుగు తన్నింది. ఆయన అడిగినప్పుడల్లా ఇక అదే పలుకుతుంది.