వేరే కలిపిన కాఫీ

మా నాన్నగారు బడిపంతులుగా రిటైరయిన ఏడాదే ఆయనకి గుండెదడ పట్టుకుంది. పరిగెత్తితే వచ్చే దడ కాదు, వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే వచ్చేది. అమలాపురం తీసుకెళితే డాక్టరుగారు గొట్టం పెట్టి విని, రోజుకి ఎన్ని కాఫీలు తాగుతారని అడిగారు. నాన్నగారు సగానికి సగం తగ్గించి చెప్పారు. ఆ సగానికే డాక్టరుగారు తల పట్టుకుని, "పూర్తిగా మానెయ్యాలండి మేష్టారూ. ఇది ఇలాగే ముదిరితే తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నారు. "ఆయ్," అన్నారు నాన్నగారు. ఆయన ఆయ్ అన్నారంటే విన్నారని అర్థం, చేస్తారని కాదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అమ్మ అప్పటికే లేదు. నేను పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, ఇంట్లో మేమిద్దరమే. డాక్టరుగారు చెప్పిన రోజే ఫిల్టరు తీసి అటకెక్కించేశాను, పొడి డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను, నాకు అన్నీ తెలుసనే పొగరు కొంచెం ఎక్కువ. కానీ నాన్నగారి అసలు కాఫీ మా ఇంట్లోది కాదు.

రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడిచి, తిరిగొచ్చేటప్పుడు ఆయన మేడింటి దగ్గర ఆగేవారు. ఆ ఇంటివాళ్ళ కొబ్బరితోటల్లోనే మా తాతయ్య, నాయనమ్మ కూలి చేశారు. చిన్నప్పుడు నాన్నగారికి దాహం వేస్తే ఆ పెరట్లో దోసిలి పట్టి నిలబడాలి, పైనుంచి పోస్తే తాగాలి. తర్వాత మిషన్ బళ్ళో చదువుకుని, అదే ఊళ్ళో మేష్టారై, ఆ ఇంటి పిల్లలకే ఎక్కాలు నేర్పారు. డెబ్బైల్లో ఒక రోజు ఆ ఇంటి అమ్మగారు ఆయన్ని అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు తాగే కాఫీయే వాళ్ళు తాగే కప్పులోనే పోసి ఇచ్చారు. ఆ రోజు నుంచి నాన్నగారు ఆ కప్పు ఒక్క పూట మానలేదు.

"అక్కడ వద్దనండి నాన్నగారూ. మజ్జిగ అడగండి," అనేదాన్ని.

"ఎలా అంటానమ్మా? ఆ కప్పు నా చేతికి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో నీకు తెలీదు," అనేవారు.

నాకు బోలెడంత కోపం వచ్చేది.

మా పిన్ని కువైట్‌లో నర్సు. ఆ ఏడు సెలవుకి వస్తూ ఒక గాజుసీసా తెచ్చింది. "కెఫీన్ తీసేసిన కాఫీయే ఇది. అక్కడ గుండెదడ ఉన్నవాళ్ళు ఇదే తాగుతారు. బావగారికి ఇవ్వు," అంది. సీసా మీద చీటీ చదివి, పిన్నిని గుచ్చిగుచ్చి అడిగి, సంగతి తెలుసుకున్నాను. పచ్చిగింజల్ని వేయించకముందే నానబెట్టి కెఫీన్‌ని లాగేస్తారట. నిద్ర చెడగొట్టేదీ, గుండెని పరిగెత్తించేదీ అదే. రంగూ వాసనా చేదూ మాత్రం ఉండిపోతాయి. పూర్తిగా పోదు, కాస్త మిగులుతుంది. కడుపుమంట ఉన్నవాళ్ళకి దీనితోనూ మంట రావచ్చు. రోజుకో కప్పు పర్వాలేదని పిన్ని భరోసా. ఇదంతా నల్లబల్ల ముందు నిలబడ్డట్టు నాన్నగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తనకి కావలసిన ముక్క తను తీసుకున్నారు.

వారం తర్వాత చూద్దును కదా, మేడింట్లో మామూలు కాఫీ తాగి, ఇంటికి రాగానే సీసా కాఫీ కలుపుకుంటున్నారు. ఇదేమిటంటే, "విరుగుడమ్మా," అన్నారు. "దీన్లోంచి కెఫీన్ తీసేసేరని నువ్వే చెప్పేవు కదా. అంటే దాని జాగా ఖాళీగా ఉంటుంది. కడుపులోకి వెళ్ళేక అక్కడున్న కెఫీన్ వచ్చి ఈ ఖాళీలో కూర్చుంటుంది."

ఊరంతటికీ లెక్కలు నేర్పిన మనిషి. మొదట నవ్వాను, తర్వాత అరిచాను, చివరికి బతిమాలాను. అన్నిటికీ ఆయ్ అన్నారు. ఒక మధ్యాహ్నం చెయ్యి పట్టుకుని చూస్తే నాడి నా వేలి కింద తడబడుతూ కొట్టుకుంటోంది. నాకు భయం వేసింది. అమ్మని పోగొట్టుకున్న ఇంట్లో నాన్నగారు కూడా లేకపోతే ఎలాగా అని ఆ పూట ఏడ్చాను.

ఆ శనివారం సీసాలో సగం పొడి ఒక ఖాళీ మందుసీసాలో పోసుకుని, నాన్నగారికి తెలియకుండా మేడింటికి వెళ్ళాను. అమ్మగారికి అంతా చెప్పాను. ఆవిడ నొచ్చుకుని, "అయ్యో, ఇన్నాళ్ళూ మేష్టారికి నా చేత్తో నేనే చెరుపు చేసేనా? ఇకనుంచి ఆయనకి ఇదే కలుపుతానమ్మా. తెలియనివ్వనులే," అన్నారు. ఇంటికొస్తూ దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో రోజు పొద్దున్న నాన్నగారు తొందరగా వచ్చేసి, చెప్పులు విడవకుండానే బల్ల మీద కూర్చుండిపోయారు. దడ వచ్చిందా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

"నాకు వేరే కలిపేరమ్మా," అన్నారు. "తలుపు తీసుంటే కనబడింది. అందరికీ ఒక గిన్నెలో కలిపేరు. నాకు ఇంకో గిన్నె. ఎప్పటి కప్పు కూడా కాదు, నాకని వేరే గ్లాసు, గూట్లో ఓ పక్కన పెట్టుంది. కడిగి మళ్ళీ అక్కడే పెట్టేరు."

నాకు వెంటనే అర్థమైంది. నలుగురున్న ఇంట్లో నా పొడి కాఫీ ఇంకొకరికి మారిపోకూడదని ఆవిడ గిన్నె, గ్లాసు గుర్తుగా విడదీసి పెట్టుకున్నారు. నేనడిగిన మేలు జాగ్రత్తగా చేశారు. పరిగెత్తుకెళ్ళి సగమైన సీసా తెచ్చి ఆయన ముందు పెట్టి, చేసింది నేనేనని చెప్పేశాను. రెండుసార్లు చెప్పాను.

"ఆయ్," అన్నారు. సీసా పక్కకి జరిపి, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. ఆవిడ మంచిదే. కానీ ఆ గ్లాసు చూసేక నా చేతులు వాటంతటవే దోసిలి పట్టేయి," అన్నారు.

మర్నాడు ఆయన వెళ్ళకపోయేసరికి అమ్మగారే మా ఇంటికి వచ్చి, మళ్ళీ రమ్మని అడిగారు. అంతకు ముందెప్పుడూ మా గుమ్మం తొక్కలేదావిడ. నాన్నగారు లేచి కుర్చీ వేసి, "తప్పకుండా వస్తానండి," అన్నారు. వెళ్ళలేదు. నడకకి కాలవగట్టు మానేసి మామిడికుదురు రోడ్డు పట్టారు. ఆ కాఫీ, ఈ కాఫీ అని లేదు, ఏదీ తాగలేదు. వర్షాలకి సీసాలో పొడి గడ్డకట్టింది. నేనేం చెప్పినా ఆయన వినేవారు, దాంతోనే నాకు వేగడం చేతకాలేదు. వినని మనిషితోనైతే పోట్లాడొచ్చు.

కొన్నాళ్ళకి మళ్ళీ అమలాపురం వెళ్ళాం. డాక్టరుగారు చాలాసేపు విని, గొట్టం తీసి, గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. "మంచి పని చేసేరు మేష్టారూ. అంత అలవాటు ఎలా మానేసేరండి?" అని అడిగారు.

"మా అమ్మాయి మాన్పించిందండి," అన్నారు నాన్నగారు.